ఎవరైనా కావచ్చు

“ఆ తలుపు నేను తీయలేదు,” అంది ఫోన్లో ఒకావిడ, పేరయినా చెప్పకుండా.

సోల్వై చేతిలో సగం కోసిన రొట్టె ఉంది. సోమవారం పొద్దున ఆఫీసులో అందరూ పొడుగుబల్ల చుట్టూ చేరి రొట్టె, చీజు తినే వేళ. బల్ల మధ్యలో కొవ్వొత్తి వెలుగుతోంది. నవంబరులో మాకు పొద్దున పూట కూడా దీపం కావాలి. ఆ వారం బయటినుంచి వచ్చే ఫోన్లు ఎత్తే వంతు సోల్వైది. ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఈ వంతంటే ఒళ్ళుమంట. అయినా పద్నాలుగు మంది ఉన్న కంపెనీలో తప్పించుకునే దారి లేదు. కత్తి కింద పెట్టి, వేళ్ళు తుడుచుకుని, కిటికీ దగ్గరికి నడిచింది.

“ఏ తలుపు?”

“ఆక్సెల్‌ది. నేను ఇంగర్లీసని. మునిసిపాలిటీ తరఫున ముసలివాళ్ళ ఇళ్ళకు తిరుగుతాను, మందులు వెయ్యడం, పడుకోబెట్టడం. నా పనంతా మీ యాప్‌లోనే. అందులో అడుగున ఈ నంబరుంటే చేశాను. చెయ్యకూడదా?”

“చెయ్యొచ్చు. చెప్పు.”

మా దేశంలో కొత్తవాళ్ళనీ నువ్వనే అంటాం, యజమానినీ నువ్వనే అంటాం. దానివల్ల అందరం సమానమని అనుకుంటాం కూడా.

ఇంగర్లీస చెప్పుకొచ్చింది. సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం ఆక్సెల్ ఇంటికి వెళ్ళి ఆయనకు మాత్రలు వేసి పడుకోబెట్టాలి. ముందరి ఇంట్లో పని ముగించి మెట్లు దిగుతూ ఫోన్ చూసుకుంటే ఆక్సెల్ పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు పడి ఉంది. టిక్కు పడితే పని అయిపోయినట్టు. ఆ పేరు జాబితాలో అడుక్కి వెళ్ళిపోతుంది. అవతలి వీధిలో తిరిగే తోటిమనిషి ఎవరో అటుగా పోతూ చూసి వెళ్ళారనుకుంది. చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళు ఒకరికొకరు అలా చేసుకోవడం మామూలే. ఆవిడ తర్వాతి ఇంటికి వెళ్ళిపోయింది. ఆక్సెల్ ఆ రాత్రే స్నానాలగదిలో పడ్డాడు. పొద్దున వేరే అమ్మాయి వచ్చేదాకా ఆ చల్లటి గచ్చు మీదే ఉన్నాడు. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రినుంచి తిన్నగా వృద్ధాశ్రమానికి తీసుకుపోయారు. ఇప్పుడు కన్నకూతుర్ని కూడా గుర్తుపట్టడం లేదు.

“మా పై అధికారి మెరేత కాగితం చూపిస్తోంది. ఆ తలుపుకున్న ఎలక్ట్రానిక్ తాళం నా తాళంచెవితోనే తెరుచుకుందట. లోపలికి పోయినట్టు, మళ్ళీ బయటికి వచ్చినట్టు కూడా ఉందట. వెళ్ళకుండానే వెళ్ళినట్టు వేసుకున్నానంటోంది. బంగారం, అలా వేసుకోవడం ఎలాగో కూడా నాకు తెలీదు. గురువారం నన్ను కూర్చోబెట్టి అడుగుతారు.”

ఇలాంటివాటికి చెప్పాల్సిన జవాబు బల్ల మీద అతికించే ఉంది. సోల్వై అదే చదివింది. తలుపు తెరుచుకున్న సంగతి మాకు తాళం కంపెనీ పంపుతుంది, వాళ్ళు పంపింది మేం చూపిస్తాం, అంతే.

“అందరూ అదే అంటున్నారు. తాళంవాళ్ళనడిగితే మిమ్మల్నడగమన్నారు. మీరు తాళంవాళ్ళనడగమంటున్నారు. మెరేతేమో కంప్యూటరే చెప్తోంది కదా అంటోంది.” ఇంగర్లీస చిన్నగా నవ్వింది. “దాన్నెలా అడగాలో చెప్పు, అడుగుతాను.”

ఏడిచి ఉంటే సోల్వై ఓదార్చి పెట్టేసేది. ఆ నవ్వు మాత్రం ఆమెను వదల్లేదు.

రొట్టె అక్కడే వదిలేసి తన బల్ల దగ్గరికొచ్చింది. ఆ సాయంత్రపు రికార్డు తీసింది. తెరిచిన తాళంచెవి ఇంగర్లీసదే. కబురు బయల్దేరిన నెట్ చిరునామా తాళం కంపెనీదే. ఎక్కడా నలుసంత తేడా లేదు. ‘రికార్డు సరిగానే ఉంది’ అని రాసి మూసేద్దామని చెయ్యి కూడా కదిపింది. అప్పుడు పక్క గడి కనిపించింది. సంతకం ఉండాల్సిన గడి అది. ఖాళీగా ఉంది.

తాళం కంపెనీ తన కబురు ప్రతిదాని కిందా ఒక రహస్య సంతకం పెడుతుంది. మన కంప్యూటరు దాన్ని సరిచూసుకున్నాకే టిక్కు వెయ్యాలి. సోల్వై ప్రోగ్రాము తెరిచింది. రెండు చలికాలాల కిందట తాళం కంపెనీ సంతకాలు తప్పుగా రావడం మొదలైంది. టిక్కులు పడక ఊరూరి నుంచీ ఫోన్లు మోగిపోయాయి. అప్పుడెవరో, ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్న మనిషి, ఒక వాక్యం జోడించాడు. కబురు తాళం కంపెనీ చిరునామా నుంచే వస్తే సంతకం చూడనక్కర్లేదు. పైన ‘తాత్కాలికం’ అని కూడా రాశాడు. మా పనిలో తాత్కాలికమన్నదానికి ఉన్నంత ఆయుష్షు ఇంక దేనికీ ఉండదు.

సరే, చిరునామా నిజమైతే గొడవ లేదు. చిరునామా ఎవరు చెప్తున్నారు? ఆమె సెట్టింగులు తెరిచింది.

బయటినుంచి వచ్చే కబుర్లేవీ తిన్నగా లోపలికి రావు. వాకిట్లో ప్రాక్సీ అని ఒక కాపలా ఉంటుంది. వచ్చినవాడి ఊరూ పేరూ చూసి ఒక చీటీ మీద రాసి, ఆ చీటీతో కబురును లోపలికి పంపుతుంది. వచ్చినవాడు ముందే తన చీటీ తాను రాసి తెచ్చుకుంటే కాపలా దాన్ని చింపెయ్యదు. దాని అడుగున తన ముక్క రాసి వదిలేస్తుంది. లోపలున్న ప్రోగ్రాము చదివేదేమో చీటీలో పైవరస. అంటే వచ్చినవాడు నేను ఫలానా అంటే ఫలానాయే. సెట్టింగులలో ఆ వరస పక్కన ఉన్న మాట ఒక్కటే, ‘నమ్ము’.

మంగళవారం మధ్యాహ్నం సోల్వై ఓడరేవు పక్కనున్న లైబ్రరీకి వెళ్ళింది. ఆఫీసు నెట్ కాకుండా, ఊళ్ళో అందరూ వాడుకునే నెట్ కావాలి ఆమెకు. చుట్టూ పత్రికలు చదివే పెన్షనర్లు, తడిసిన కోట్లు ఆరేసిన కుర్చీలు. ఆఫీసులో పరీక్షల కోసం పెట్టుకున్న లేని ముసలమ్మ ఒకామె ఉంది, పేరు డోరిత్. డోరిత్ ఇంటి తలుపు తెరుచుకుంది, మూసుకుంది అని ఒక కబురు రాసింది. పైన తాళం కంపెనీ చిరునామా తన చేత్తోనే పెట్టింది. ఒక బొత్తాం నొక్కింది.

డోరిత్ పక్కన ఆకుపచ్చ టిక్కు పడింది.

పనిలో తప్పు పట్టుకున్నప్పుడు లోలోపల కలిగే చిన్న గర్వం ఒకటుంటుంది, సోల్వైకి అది కలగలేదు. లేని ముసలమ్మకు ఎవరూ మాత్రలు వెయ్యకపోయినా వేసినట్టయింది. ఉన్న ముసలాయన గచ్చు మీద పడున్నాడు.

త్రోల్స్ ఆ కంపెనీ యజమాని. ఆఫీసులో బూట్లు విప్పేసి ఉన్ని సాక్సులతో తిరుగుతాడు, అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుంటాడు. చెడ్డవాడని ఎవరూ అనలేరు. సోల్వై చూపించింది చూసి, వెళ్ళి గది తలుపు మూసి వచ్చాడు.

“ఇది ఎంతమందికి తెలుసు?”

“నాకు. ఇప్పుడు నీకు.”

“ఇవాళే మూసెయ్యి. మిగతా పనులన్నీ పక్కన పెట్టు.”

ఆమె అప్పటికే సగం మూసింది. సాయంత్రానికి సంతకం లేని కబురుకు టిక్కు పడటం ఆగిపోయింది. కాపలా రాసిన వరస తప్ప పైవరస చదవడం మానేసింది ప్రోగ్రాము. త్రోల్స్ పక్కన నిలబడి రెండుసార్లు పరీక్ష పెట్టించుకుని, గట్టిగా ఊపిరి వదిలాడు.

“ఆ సెప్టెంబరు సాయంత్రం సంగతి?” అంది సోల్వై.

“రికార్డులో ఏముంది?”

“తాళం కంపెనీ చిరునామా.”

“అయితే తాళం కంపెనీయే పంపింది.”

“రికార్డు కూడా పైవరసే రాసుకుంది, త్రోల్స్. కాపలా రాసిన అడుగు వరసను మనం దాచనే లేదు. పంపినవాడు చెప్పుకున్న పేరే మన దగ్గరుంది. నిజంగా ఎవరు పంపారో ఎక్కడా లేదు.”

“తాళంవాళ్ళ దగ్గర ఉంటుంది కదా, పంపారో లేదో.”

“అడిగాను. ఎవరి తలుపు ఎప్పుడు తెరుచుకుందో నెల దాటితే చెరిపేస్తారట. మనుషుల గోప్యత కోసం చట్టమట. మెరేత అడిగిందేమో మన కాగితాన్ని, వాళ్ళని కాదు.”

“తాళం లోపల?”

“తాళానికి జ్ఞాపకం ఉంటుంది. ఆక్సెల్ ఇల్లు ఖాళీ చేసినప్పుడు దాన్ని ఊడదీసి, శుభ్రంగా తుడిచేసి, వేరే ముసలివాళ్ళ తలుపుకు బిగించారు.”

త్రోల్స్ ఒక కాలి సాక్సు పైకి లాక్కున్నాడు. ఆ సాయంత్రం ఇంగర్లీస ఫోన్ ఎక్కడుందో చూపించే ఏర్పాటుంటే అయిపోయేది కదా అన్నాడు. ఆ ఏర్పాటు వద్దని పోట్లాడి గెలిచింది ఇంగర్లీస యూనియనే. మనిషి అడుగడుగూ చూడటం అన్యాయమని గెలిచారు, అందులో తప్పేమీ లేదు. ఆవిడ ఆ సాయంత్రం వెళ్ళిన మిగతా ఇళ్ళకు ఇంకా మామూలు తాళాలే. అవి ఎవరికీ ఏ కబురూ పంపవు.

బుధవారం పొద్దున త్రోల్స్ మునిసిపాలిటీకి రాసిన ఉత్తరం సోల్వై చేతికిచ్చి చదవమన్నాడు. ‘ఒక బలహీనత గుర్తించి వెంటనే సరిచేశాం. దాన్ని ఎవరూ దుర్వినియోగం చేసిన గుర్తులు కనిపించలేదు.’

“గుర్తులు కనిపించలేదన్నది నిజమే,” అంది సోల్వై. “గుర్తులు పడే చోటే లేదని కూడా రాయి.”

“అది రాస్తే రేపటికల్లా అన్ని మునిసిపాలిటీలూ మన మీద పడతాయి. పద్నాలుగు మందిమి, సోల్వై. నేనేం అబద్ధం రాయలేదు.”

“రాయలేదు. అందుకే భయమేస్తోంది.”

“గురువారం నువ్వు ఆ విచారణకు వెళ్ళకపోతే మంచిది. వద్దని నేను చెప్పను. మంచిదంటున్నాను.”

కోపంగా అని ఉంటే ఆమె కూడా గొంతు పెంచేది. అతను ఆమె భుజం తట్టి, కాఫీ కలపనా అని అడిగాడు. గోడతో మాట్లాడినట్టే ఉంది ఆమెకు. గురువారానికి సెలవు పెట్టేసింది.

ఆ సాయంత్రం సోల్వై ఇంగర్లీస ఇంటికి వెళ్ళింది. యూనియన్ మనిషి విల్లీ కూడా అక్కడే ఉన్నాడు, పెద్ద చేతుల మనిషి, ఒకప్పుడు అంబులెన్సు నడిపేవాడు. ఇంగర్లీస అప్పుడే తిరిగి తిరిగి వచ్చి, తడిసిన ప్యాంటుతోనే నిలబడి, నల్లరొట్టె మీద హెరింగు చేప ముక్కలు పేరుస్తోంది. పొట్టి మనిషి. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. ఊళ్ళోని ముసలి కాళ్ళన్నిటికీ బిగుతు మేజోళ్ళు ఎక్కించీ ఎక్కించీ అలా అయ్యాయట.

“తిను ముందు. ఆ మొహమేంటి, నీళ్ళు కూడా తాగినట్టు లేవు,” అంది సోల్వైతో.

సోల్వై కాపలా, చీటీ, పైవరస కథంతా చెప్పింది. విల్లీ రెండుసార్లు ఆపి మళ్ళీ చెప్పించుకున్నాడు. ఇంగర్లీస ఒక్కసారే వింది.

“అంటే నేను అబద్ధం ఆడలేదని నీకు తెలుసు.”

“నువ్వు ఆడక్కర్లేకుండానే ఆ టిక్కు పడగలదని తెలుసు.”

“అదే కదా,” అంది ఇంగర్లీస, తేడా పట్టించుకోకుండా. చేప ముక్క ఒకటి చేతిలో ఉండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నెలన్నర నుంచి ఈ మాట ఒక్క నోటినుంచి వినలేదు, బంగారం.”

విల్లీ గొంతు సవరించుకున్నాడు. మెరేతతో తానొక మాట అనుకున్నానని చెప్పాడు. టిక్కు సంగతి తేలదు కాబట్టి, పొరపాటు జరిగిందని ఇంగర్లీస ఒప్పుకుంటే నిర్లక్ష్యం కింద ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేస్తారు. పెన్షను దాకా ఉద్యోగం ఉంటుంది.

“నాకది చాలు,” అంది ఇంగర్లీస.

“నిన్నటిదాకా నేనూ చాలనుకున్నాను. వెళ్ళకుండా వెళ్ళినట్టు రాసుకుందన్న మచ్చ మాత్రం పోదు, ఇంగర్లీసా. ఇప్పుడు ఈ అమ్మాయి ఉంది. చదువుకున్న మనిషి, ఆ సామాను తయారుచేసిన మనిషి వచ్చి చెప్తే ఎవరు కాదంటారు?”

ఇద్దరూ సోల్వై వైపు చూశారు. తాళం కంపెనీ కంప్యూటరే ఏదో పొరపాటున ఆ కబురు పంపి ఉండొచ్చని కూడా చెప్పాలనుకుంది ఆమె. ఎవడు చేశాడో, ఎందుకు చేశాడో ఎన్నటికీ తెలియకపోవచ్చని చెప్పాలనుకుంది. ఇంగర్లీస రొట్టె పళ్ళెం ఆమె ముందుకు జరిపింది. ఆ మొహం చూశాక ఇంక ఏమీ అనలేకపోయింది.

“వస్తాను. నిజం చెప్తే చాలు,” అంది.

గురువారం మునిసిపాలిటీలో వాళ్ళను కూర్చోబెట్టిన గదిలో కాఫీ ఫ్లాస్కు, కాగితం కప్పులు, నల్లటి లికరిష్ మిఠాయి బిళ్ళల గిన్నె ఉన్నాయి. మెరేత కఠినమైన మనిషేమీ కాదు. ఆవిడా ఒకప్పుడు ఇళ్ళకు తిరిగి పైకి వచ్చిందే. అందరికీ తనే కాఫీ పోసింది. సోల్వై చెప్పేదంతా మధ్యలో అడ్డం రాకుండా వింది, చేత్తో రాసుకుంది. విల్లీ కుర్చీలో వెనక్కి వాలి, చూశావా అన్నట్టు ఇంగర్లీసకు కనుబొమలెగరేశాడు.

“అంటే ఆ కబురు తాళం కంపెనీ పంపకపోయి ఉండొచ్చు,” అంది మెరేత.

“అవును.”

“మరి ఎవరు పంపి ఉండొచ్చు?”

“ఎవరైనా కావచ్చు.”

“ఎవరైనా అంటే?”

“ఎవరైనా. కబురు పంపాల్సిన చోటు తెలిసినవాళ్ళు. అది తాళం కంపెనీ సహాయం పేజీలోనే ఉంది, లోకమంతా చూడొచ్చు.”

“తాళంచెవి నంబరు కూడా కావాలి కదా. ఇంగర్లీస తాళంచెవి నంబరు లోకమంతా చూడొచ్చా?”

“అది ఆవిడ మెడలో కార్డు వెనక అచ్చేసి ఉంటుంది. ఆవిడ వెళ్ళే ఇళ్ళల్లో ఎవరైనా…”

మెరేత కలం ఆగింది. ఇంగర్లీస మెడలో ఉన్న కార్డు వైపు చూసింది. ఇంగర్లీస కూడా వంగి చూసుకుని, దాన్ని వెనక్కి తిప్పి, నిజమే ఉంది అన్నట్టు అందరికీ చూపించింది.

“ఆ రోజు సాయంత్రం ఆక్సెల్ ఇంటికి ఎవరు వెళ్ళాలో ఎవరికి తెలుసు?”

సోల్వైకి అప్పుడు అర్థమైంది దారి ఎటు పోతోందో. మా పనిలో ‘ఎవరైనా’ అంటే ప్రపంచంలో ముక్కూ మొహం తెలియని కోటానుకోట్ల మంది. ఈ గదిలో ఆ మాటకు కూర్చునేందుకు ఒక్కటే కుర్చీ ఉంది, ఇంగర్లీస కూర్చున్నది.

“జాబితా చూసేవాళ్ళకు తెలుసు. కానీ…”

“ఇంట్లో కూర్చుని పంపొచ్చా, ఆ కబురు?”

“పంపొచ్చు. కానీ దానికి కొంత తెలిసుండాలి. అందరి వల్లా కాదు.”

“ఇప్పుడే ఎవరైనా అన్నావు.”

మెరేత ఇంగర్లీస వైపు తిరిగింది. గొంతు మెత్తగానే ఉంది.

“ఇంగర్లీసా, మీ ఇంట్లో కంప్యూటర్ల పని తెలిసినవాళ్ళు ఉన్నారా?”

విల్లీ వెంటనే ముందుకు వంగాడు. “దానికి జవాబు చెప్పక్కర్లేదు నువ్వు.”

“చెప్తే ఏం?” అంది ఇంగర్లీస ఆశ్చర్యంగా. “మా అక్క కూతురు అదే చదువుతోంది, కోపెన్‌హాగెన్‌లో. సెలవుల్లో మా ఇంట్లోనే ఉంది. సెప్టెంబరు ఆఖరుకు వెళ్ళింది.”

మెరేత ఆ ముక్క రాసుకోలేదు. కలం మూత పెట్టేసింది.

“వాళ్ళు చేశారనడానికి ఏ ఆధారమూ లేదు,” అంది సోల్వై తొందరగా.

“చెయ్యలేదనడానికి ఉందా?”

“అసలు దేనికీ లేదు. నేను చెప్పేది అదే. ఆ రికార్డే నమ్మకూడనిది.”

“నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను, సోల్వై. అదే నా ఇబ్బంది.” మెరేత రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. “పొరపాటయితే హెచ్చరికతో పోయేది. విల్లీకి మాటిచ్చాను కూడా. ఇప్పుడు దొంగ రికార్డు తయారు చెయ్యొచ్చని, ఇంట్లోంచే చెయ్యొచ్చని, చేసేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారని విన్నాను. విన్నాక వినలేదని ఎలా అనను? ఒక మనిషి గచ్చు మీద పడున్నాడు. ఆయన కూతురు రేపు నన్ను అడుగుతుంది. ఇది పోలీసులకు వెళ్ళాలి. అది తేలేదాకా ఇంగర్లీస పనికి రాకూడదు.”

“తేలదు,” అంది సోల్వై. “ఎప్పటికీ తేలదు. తేలడానికి ఏమీ మిగల్లేదు.”

మెరేత దానికి తలూపింది, ఔననో కాదనో తెలియలేదు. ఇంగర్లీస పనికోసం ఇచ్చిన ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. మెడలోంచి కార్డు తీస్తుంటే తాడు జుట్టుకు చిక్కుకుంది. విల్లీ లేచి ఆ పెద్ద వేళ్ళతో మెల్లగా విడదీశాడు. సోల్వై వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

బయట సైకిళ్ళు పెట్టే రేకుల కింద ఇంగర్లీస తన సైకిలు తాళం తీస్తోంది. సన్నగా వాన. సోల్వై వెళ్ళి పక్కన నిలబడింది. క్షమించమంది. ఇంగర్లీస సీటు మీద నీళ్ళు అరచేత్తో తుడిచింది.

“నువ్వు నిజమే చెప్పావు కదా.”

“చెప్పాను.”

“ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాలి ఇప్పుడు, పోలీసులు వస్తారని. పరీక్షలున్నాయి దానికి.”

“నేను మాట్లాడతాను ఆమెతో. పోలీసులతోనూ మాట్లాడతాను.”

“ఇంక మాట్లాడకు, బంగారం.” కోపం లేదు ఆ మాటలో, వేడుకున్నట్టు ఉంది. సైకిలు బయటికి లాగి, ఎక్కకుండా అలాగే పట్టుకుని నిలబడింది. “ఆ రోజు కూడా ఇలాగే వాన. ఆక్సెల్ ఇల్లు ఎత్తు మీద, తొక్కుతూ పోవాలి. టిక్కు చూసి నాకు సంతోషమేసింది. ఎవరు వెళ్ళారని ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు, అడగలేదు. అడిగితే వెళ్ళాల్సి వస్తుందేమోనని అడగలేదు. ఇవాళ ఆ మాట చెప్పేద్దామని వచ్చాను. రేపు ఆయన కూతురికి కూడా చెప్పి, క్షమించమందామనుకున్నాను.”

“ఇప్పుడైనా చెప్పొచ్చు.”

“ఇప్పుడు చెప్తే ఏమంటారు? పెద్దది దాచుకోవడానికి చిన్నది ఒప్పుకుంటోంది అంటారు.” పొట్టి చేతులతో హ్యాండిలు సరిచేసుకుంది. “నేను చేసిన తప్పు ఒకటుంది, అది నాది. దాన్ని కూడా నా చేత చెప్పనివ్వలేదు మీరు.”

ఇంగర్లీస రోడ్డు దాకా సైకిలు నడిపించుకుంటూ పోయి, అక్కడ ఎక్కి, వానలో ఇంటివైపు తొక్కింది.